భయం వేసినవాడు ఆపొచ్చు

నిండు సభలో ఒక మనిషిని వేదిక మీదికి పిలిచి, రంగు కాగితంలో చుట్టిన పొట్లం చేతికిచ్చి విప్పమన్నారు. విప్పితే లోపల సైకిలు బ్రేకు ఉంది. హాలు గొల్లుమంది. విప్పినవాడు లిఫ్టు మెకానిక్, బ్రేకులతో బతికే మనిషి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వైరు తెగిపోయుంది" అన్నాడు. హాలు మళ్లీ గొల్లుమంది. అతను జోకు వెయ్యలేదు. నిజంగానే తెగిపోయుంది.

అది పదిమందీ కలిసి కట్టుకున్న ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తాలూకు వార్షిక సమావేశం. కంప్యూటరు తెరవగానే లేచి మన పనులన్నీ చేసిపెట్టే ఆ సరంజామాని కంపెనీలు అమ్ముతాయి. వీళ్లు ఊరికే ఇస్తారు. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని నిద్రపుచ్చి, సెలవు రోజుల్లో కూర్చుని తలా ఒక ఇటుకా పేర్చినట్టు పేర్చుకొచ్చారు. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడొచ్చు, నచ్చకపోతే మార్చొచ్చు. అందరం సమానం అని మొదటి పేజీలో రాసుకున్నారు. రాసుకున్నవాళ్లే ఆ రోజు చప్పట్లు కొట్టారు.

బ్రేకు ఎందుకంటే, ఆ ఏడు బీటా విడుదలని మెకానిక్ ఆపించాడు. బీటా అంటే అసలు విడుదలకి ముందు జనం చేతికిచ్చి, తప్పులుంటే చెప్పమని అడిగే రకం. ఇన్‌స్టాలర్, అంటే ఆ సిస్టమ్‌ని కొత్త మెషీన్లోకి ఎక్కించే భాగం, అతని బాధ్యతలో ఉండేది. దాంట్లో ఏదో తేడా ఉందన్నాడు. అందరూ వెతికారు. దొరకలేదు. చూపించమంటే చూపించలేకపోయాడు. "నాన్నా పులి" కథ తెలియనివాళ్లు ఎవరున్నారు? ఆ రోజు నుంచి అతను బ్రేకు బాబాయ్ అయ్యాడు.

కొన్నాళ్లకి చిన్న చిన్న సవరణల మధ్య ఒక సవరణ చేరింది. సరిగ్గా అతను తేడా ఉందన్న చోటే. కింద వేరే ఎవరిదో పేరు. అది చదివినవాడు బహుశా అతనొక్కడే. ఎవరితోనూ అనలేదు. పులి నిజంగా వచ్చి వెళ్లిందని, దాన్ని ఇంకెవరో తోలారని చెప్పుకోవడం కూడా ఒక రకంగా అడుక్కోవడమే అనిపించింది అతనికి.

ఆ బ్రేకు పొట్లం ఇచ్చింది పెద్దన్న. వయసులో మెకానిక్ కంటే చిన్నవాడే. కాకపోతే మొదట్నుంచీ ఉన్నవాడు, విడుదల మీట నొక్కే చెయ్యి అతనిది. అందుకని ముసలాళ్లు కూడా అతన్ని పెద్దన్న అనే పిలిచేవాళ్లు. మాట తియ్యన. మనిషి చెడ్డవాడనీ చెప్పలేం. చెడ్డవాళ్లు చేసే అన్యాయాన్ని ఎదుర్కోవచ్చు, నవ్వుతూ భుజం మీద చెయ్యేసేవాడితోనే చిక్కంతా.

మెకానిక్ పని ఎత్తైన భవనాల్లో. పొద్దున్నే మేడ మీదున్న మోటారు గదిలోకి దూరి, తాళ్లకి గ్రీజు పూసి, పోగులు తెగాయేమోనని బట్టతో తడిమి చూస్తాడు. తర్వాత కింద గుంటలోకి దిగుతాడు. తల మీద లిఫ్టు పెట్టె వేలాడుతుంటే కింద కూర్చుని బోల్టులు బిగించే మనిషికి భయం ఉండదని జనం అనుకుంటారు. అక్కడ నిజంగానే అతనికి భయం లేదు. తాడు కళ్లకి కనిపిస్తుంది. పోగు తెగితే బట్టకి తగులుకుంటుంది. కంప్యూటరు దగ్గర అలా కాదు. తెగిన పోగు చేతికి తగలదు. ఎక్కడో ఎవరి ఇంట్లోనో పెట్టె పడిపోయేదాకా చప్పుడు రాదు. ఆ బ్రేకు పొట్లం తర్వాత ప్రతి బీటాకి ముందూ అతనికి అరికాళ్లలో చెమట పట్టేది. సిస్టమ్ పాడవుతుందనా, హాలు నవ్వుతుందనా అంటే, రెండూ ఒకే భయమైపోయాయి. విడదీసి చూసుకునే ధైర్యం చెయ్యలేదు.

వాళ్లకొక పద్ధతి ఉంది. బీటా వదిలే రోజున ఒక్కో భాగం చూసుకునేవాళ్లు అందరి కబుర్ల గదిలోకి, అంటే తెర మీద మాటలు రాసుకునే చోటుకి వచ్చి, "వదలొచ్చు" అని రాయాలి. అందరూ రాశాక పెద్దన్న మీట నొక్కుతాడు. వదలొచ్చు అనే బదులు "ఆపు" అని రాసే హక్కు కూడా ప్రతివాళ్లకీ ఉంది. ఈ పని మొదలుపెట్టిన తొలినాటి మనుషులు రాసిపెట్టిన నియమం ఒకటే వాక్యం: భయం వేసినవాడు ఆపొచ్చు, కారణం తర్వాత చెప్పొచ్చు. మంచి నియమమే. కాకపోతే ఆ పొట్లం విప్పిన రోజు నుంచి ఎవరూ దాన్ని వాడలేదు. ఎందుకు వాడతారు? నియమాన్ని కొట్టెయ్యకుండా చంపడం ఎలాగో ఒక సైకిలు బ్రేకు చేసి చూపించింది.

కొత్త బీటా వదిలే రోజు మెకానిక్ పనికి సెలవు పెట్టాడు. సాయంత్రానికి విడుదల. ఇన్‌స్టాలర్‌ని తన దగ్గరున్న మెషీన్ల మీద మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ముందు గదిలో భార్య పని చేసుకుంటోంది. ఆమె మెషీను కుట్టుపనికి డిజైన్లు గీస్తుంది. తీగలూ పూలూ పిట్టలూ కంప్యూటరు మీద గీసి ఇస్తే, కుట్టు మెషీన్లు వాటిని బట్ట మీద కుడతాయి. మొదలుపెట్టిన దగ్గర్నుంచీ గీసినవన్నీ అరచేతిలో పట్టే ఒక బయటి డిస్కులో దాచుకుంది.

ఆమె తమ్ముడు వాళ్లింట్లోనే ఉంటాడు. రాత్రి షిఫ్టులు చేసి వచ్చి పగలు నిద్రపోతాడు, మెలకువగా ఉంటే పాటలు వింటాడు. ఏ పనీ సగంలో వదలకుండా చేసిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం బావకి సాయం చేద్దామని ఉత్సాహం పుట్టింది.

"బావా, ఆ మూలనున్న పాత కంప్యూటరు డబ్బా ఊరికే పడుంది కదా. కొత్త బీటా దాని మీద ఎక్కించనా?"

"నువ్వా?"

"ఏం, నాకు చేతులు లేవా?"

"చేతులున్నాయి. అవే భయం."

"చూశావా అక్కా, మీ ఆయన నన్నెలా అంటున్నాడో!"

"సరిగ్గానే అన్నారు. మొన్న నువ్వు బాగుచేసిన కుళాయి ఇంకా కారుతోంది" అంది ఆమె, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

చివరికి సరేనన్నాడు మెకానిక్. తెలియనివాడు చేస్తే ఎలా ఉంటుందో చూడటం కూడా అవసరమే కదా అనుకున్నాడు. బామ్మర్ది కొత్త బీటా ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి పాత డబ్బా తెరిచాడు. పని అయ్యాక పాటలు ఎక్కించుకుందామని అక్కనడిగి ఆమె డిస్కు కూడా తెచ్చి తగిలించాడు. దాంట్లో డిజైన్ల పక్కనే అతని పాటలూ ఉన్నాయి. ఏ డిస్కు చెరిపి సిస్టమ్ ఎక్కించాలని ఇన్‌స్టాలర్ అడిగింది. డబ్బాలోని సొంత డిస్కుని ఎంచుకున్నాడు. తర్వాత పేరు అడిగింది, పాస్‌వర్డు అడిగింది. అన్నీ ఇచ్చాక చివరగా "ఎక్కించు" అని ఉన్న మీట నొక్కాడు.

అయిపోయిందని చెప్పాక పెన్‌డ్రైవ్ తీసేసి, డబ్బాని ఆపి మళ్లీ తెరిచాడు. పాత సిస్టమ్ పాతగానే లేచింది. అదే పాత బొమ్మ, అవే పాత ఫైళ్లు.

"బావా, నీ కొత్త సిస్టమ్ భలే ఉంది. అచ్చం పాతదానిలాగే ఉంది."

మెకానిక్ నవ్వబోయి ఆగిపోయాడు. ఇంత పని జరిగి, డబ్బాలో ఏమీ మారలేదంటే, మారింది ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. చూపు బల్ల మీదున్న చిన్న డిస్కు మీదికి వెళ్లింది. దాని దీపం మినుకు మినుకుమంటోంది. దాన్ని పీకి తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. రెండుసార్లు తప్పి, మూడోసారి దూరింది.

కొత్త బీటా అక్కడుంది. శుభ్రంగా, ఏ లోపం లేకుండా, ఆమె డిస్కులో ఎక్కి కూర్చుంది. తీగలు లేవు, పూలు లేవు, పిట్టలు లేవు.

ఆమె వచ్చి భర్త వెనక నిలబడింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఏది నొక్కావురా?"

"డబ్బాలోదే నొక్కాను అక్కా. ఒట్టు."

"కళ్లు తెరిచే నొక్కావా?"

"నీ మీదొట్టు."

"నా మీద వెయ్యకు. ఇప్పటికే సగం చచ్చాను."

భార్య బాధ మెకానిక్ కళ్లెదురుగా ఉంది. అయినా అతని మనసు అక్కడ ఆగలేదు. అది బామ్మర్ది తప్పయితే ఒక ఇల్లు. ఇన్‌స్టాలర్ తప్పయితే సాయంత్రం మీట నొక్కగానే ఎన్ని ఇళ్లు? ఎవరి ఫొటోలు, ఎవరి చదువులు, ఎవరి పని?

పాత డబ్బాని ముందేసుకుని కూర్చున్నాడు. ఏమీ లేని వేరే డిస్కు ఒకటి తగిలించి, బామ్మర్ది చేసినట్టే మొదట్నుంచీ చేశాడు. టకటకా నొక్కుకుంటూ పోయాడు. సరిగ్గా ఎక్కింది. మళ్లీ చేశాడు. సరిగ్గానే ఎక్కింది. డిస్కు తగిలించే చోటు మార్చాడు, వైరు మార్చాడు. బుద్ధిమంతుడిలా చెప్పిందే చేసింది తప్ప ఒక్కసారి కూడా తప్పలేదు. సరిగ్గా ఎక్కిన ప్రతిసారీ అతని గుండె ఇంకొంచెం జారింది. తెగిన పోగుందని తెలుసు, బట్టకి మాత్రం తగులుకోవడం లేదు.

కబుర్ల గదిలో ఒకరి వెనక ఒకరు రాస్తున్నారు. అక్షరాల భాగం, వదలొచ్చు. శబ్దం, వదలొచ్చు. తెర, వదలొచ్చు. సహాయం పేజీలు చూసే టీచరమ్మ కూడా రాసేసింది. చివరికి అతనొక్కడే మిగిలాడు. ఎవరో బ్రేకు బొమ్మ ఒకటి పెట్టారు. దాని కింద నవ్వు మొహాలు వరసగా మొలిచాయి.

ఫోను మోగింది. పెద్దన్న.

"బాబాయ్, అందరూ నీకోసమే కూర్చున్నారు."

"చూస్తున్నా అన్నా."

"ఏం చూస్తున్నావ్, గోడ మీద బల్లినా?"

"ఒక తేడా కనిపించింది. వేరే డిస్కు చెరిగిపోయింది."

అవతల నవ్వు ఆగింది. "ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"నువ్వు చూశావా?"

"మా బామ్మర్ది చేస్తుంటే అయింది."

"ఆ పాటల బామ్మర్దేనా? పాస్‌వర్డు మర్చిపోయి, సిస్టమ్ చెడిపోయిందని మనందరి ప్రాణాలూ తోడేసినవాడు?"

"వాడే."

పెద్దన్న నిట్టూర్చాడు. ఎంత సానుభూతితో నిట్టూర్చాడంటే, మెకానిక్‌కి తన మీద తనకే జాలేసింది. "బాబాయ్, నేను బలవంతపెట్టను. ఆపాలంటే ఆపు, నీ హక్కు. మళ్లీ దొరకకపోతే నేనైతే ఏమీ అనను. జనం నోళ్లు మాత్రం నా చేతిలో లేవు. ఇన్‌స్టాలర్‌కి ఎవరైనా కుర్రాణ్ణి పెడదామని ఇప్పటికే అడుగుతున్నారు."

ఫోను పెట్టేశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పగలంతా లిఫ్టులతో గడిపి ఇంటికొస్తే, ఈ పనొక్కటే అతని పేరుతో అతనికున్నది. చదువు సగంలో ఆగినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్న చోటు అదొక్కటే. అదీ పోతే మిగిలేది మోటారు గదీ, గ్రీజు డబ్బా. కుర్చీ ముందుకి లాక్కుని "వద" దాకా కొట్టాడు.

అప్పుడు బామ్మర్ది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"బావా, నా తప్పేనేమో."

మెకానిక్ తలెత్తాడు.

"నేనే చూసుకోకుండా నొక్కి ఉంటాను. నా సంగతి నాకు తెలీదా? అక్కకి కూడా అదే చెప్పేశాను. నువ్వు నాకోసం ఆగకు, వదిలెయ్."

బామ్మర్ది పుట్టి బుద్ధెరిగాక తప్పు ఒప్పుకోవడం మెకానిక్ చూడలేదు. కారుతున్న కుళాయి కింద తడుస్తూ నిలబడి కూడా, నీళ్లదే తప్పన్న మనిషి. అలాంటివాడు కూడా కంప్యూటరు ముందు తలొంచాడు. డబ్బాలోదే నొక్కానని మధ్యాహ్నం ఒట్టేసినవాడు, సాయంత్రమయ్యేసరికి తన కళ్లని తనే నమ్మడం మానేశాడు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. మెషీను తప్పు చెయ్యదని ప్రపంచమంతా అనుకుంటుంటే, తప్పు చేసేది ఇంకెవరు?

కొట్టిన రెండక్షరాలూ చెరిపేశాడు. "ఆపు" అని రాసి పంపించాడు.

ఆ తర్వాత వచ్చిన మాటలన్నీ చెప్పుకోనక్కర్లేదు. కారణం ఏంటని అడిగారు. తెలియదన్నాడు. ఎలా జరిగిందన్నారు. చూపించలేనన్నాడు. "నాన్నా పులి, రెండో భాగం" అని రాశారొకరు. టీచరమ్మ మాత్రం, "నియమం ప్రకారం కారణం తర్వాత చెప్పొచ్చు కదా, ఒక్కరోజు ఆగితే కొంపలేం మునగవు" అంది. ఆమెకీ పడ్డాయి అక్షింతలు. పెద్దన్న ఒకే ముక్క రాశాడు: "సరే. రేపటిదాకా." ఆ "సరే"లో ఏ మాత్రం కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

మెకానిక్ తెర మూసేసి ముందు గదిలోకి వచ్చి నేల మీద కూలబడ్డాడు. భార్య అప్పటికే పాత బట్ట ముక్కలు ముందేసుకుని కూర్చుంది. కుట్టు మెషీన్ల వాళ్లు మచ్చుకిచ్చిన ముక్కలవి. పోయిన పూలని బట్ట మీంచి చూసి మళ్లీ గీస్తోంది. తమ్ముడు పక్కన కూర్చుని ముక్కలు అందిస్తున్నాడు.

"ఏం నొక్కావో మళ్లీ మొదట్నుంచీ చెప్పరా" అంది ఆమె, గీత ఆపకుండానే.

"ఎన్నిసార్లక్కా? డిస్కు ఎంచుకున్నాను. పేరు కొట్టాను. పాస్‌వర్డు అడిగింది. నువ్వు భోజనానికి పిలిచావు, తినేసి వచ్చాను. పాస్‌వర్డు కొట్టాను, ఎక్కించు అన్నాను."

"తిని, కాసేపు పడుకున్నావు కూడా."

"కళ్లు మూసుకున్నానంతే."

"గురక వినబడింది."

మెకానిక్ మెల్లగా తల తిప్పాడు. "మధ్యలో వెళ్లిపోయావా?"

"ఆకలేసింది బావా. అదీ తప్పేనా?"

తను ఏనాడూ మధ్యలో వెళ్లలేదు. ఆ మాటకొస్తే వాళ్లలో ఎవరూ వెళ్లి ఉండరు. ఇన్‌స్టాలర్‌ని వందలసార్లు చూసిన చేతులు ప్రశ్న పూర్తిగా రాకముందే జవాబు నొక్కేస్తాయి. భోజనం పిలుపు వినబడితే వస్తున్నా అంటారు, పని పూర్తిచేసే లేస్తారు. మామూలు మనుషులు తలుపు కొడితే వెళ్తారు, బిడ్డ ఏడిస్తే ఎత్తుకుంటారు, ఆకలేస్తే తింటారు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

ముగ్గురూ వెళ్లి పాత డబ్బా ముందు కూర్చున్నారు. డిస్కు ఎంచుకుని, పేరు కొట్టి, మెకానిక్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎవరూ దేన్నీ ముట్టుకోకండి."

"ఊపిరి తీసుకోవచ్చా?" అన్నాడు బామ్మర్ది.

"మెల్లగా తీసుకో" అంది అక్క.

ఏమీ చెయ్యకుండా కూర్చోవడం అంత కష్టమని అతనికి ముందు తెలియదు. డబ్బా లోపల డిస్కు సన్నగా గిర్రుమంటోంది. బయట వీధిలో ఎవరో బండి తోస్తూ పోయారు. వెలుతురు తగ్గింది. ఎవరూ లేచి దీపం వెయ్యలేదు. ఉన్నట్టుండి ఆ గిర్రుమనే చప్పుడు ఆగిపోయింది. పని లేక డబ్బాలోని డిస్కు నిద్రపోయింది. తాడు జారే ముందు మోటారు గదిలో ఒక నిశ్శబ్దం ఉంటుంది, అది మెకానిక్‌కి తెలుసు.

పాస్‌వర్డు కొట్టి, ఎక్కించు నొక్కాడు. పక్కనున్న ఖాళీ డిస్కు దీపం మినుకుమంది.

జరిగింది ఇదీ. ఇన్‌స్టాలర్ గుర్తుపెట్టుకున్నది డిస్కుని కాదు, దాని వరసని. క్యూలో మొదటివాడికి ఇవ్వమన్నట్టు. చివరి మీట నొక్కాక మరోసారి డిస్కులన్నిటినీ లేపి వరసలో నిలబెడుతుంది. పాత డిస్కు ముసలిది, నిద్రలోంచి లేవడం ఆలస్యమైంది. బయటిది ముందు లేచి మొదటి స్థానంలో నిలబడింది. వేటు దాని మీద పడింది.

"అంటే నేను కాదు" అన్నాడు బామ్మర్ది.

"నువ్వు కాదు."

"అక్కా, విన్నావా? నేను కాదు!"

ఆమె తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి, భర్త మొహం చూసింది. "దొరికింది కదండీ. ఇంకా ఆ మొహమేంటి?"

అతని వేళ్లు పాత మార్పులని వెతుకుతున్నాయి. ఈ వరస పద్ధతి ఎప్పుడొచ్చిందో చూస్తున్నాడు. కొత్త బీటాలో వచ్చింది కాదది. కిందటి విడుదలలోనే ఉంది. అది జనంలోకి వెళ్లి ఏడాది దాటింది. దాని కింద, ఇన్‌స్టాలర్ చూసేవాడి మాట: వదలొచ్చు. రాసింది అతనే.

ఆ మాట చూశాక పై ప్రాణాలు పైనే పోయాయి. సాయంత్రం ఆపింది రాబోయే పులిని. పాత పులి ఏడాదిగా ఇళ్లల్లో తిరుగుతోంది. దాన్ని వదిలింది తను.

మర్నాడు అన్నీ రాసి, ఎలా జరుగుతుందో చూపించి, తన పాత "వదలొచ్చు" సంగతి కూడా చెప్పేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రతి డిస్కుకీ ఉండే సొంత నంబరుతోనే దాన్ని గుర్తుపెట్టుకునేలా మార్చారు. కొన్నాళ్లు ఆలస్యంగా బీటా వెళ్లింది. కృతజ్ఞతల్లో అతని పేరు వేశారు. దాన్ని అతను చూసుకోలేదు. అతను చూసుకున్నది ఇంకొకటి. సిస్టమ్ మొదటి పేజీలో, అందరికీ కనబడే చోట, టీచరమ్మ చేత నాలుగు ముక్కలు రాయించి పెట్టించాడు. కిందటి విడుదల ఎక్కించుకునేటప్పుడు మీ డిస్కు ఏదైనా చెరిగిపోయి ఉంటే, అది మీ పొరపాటు కాకపోవచ్చు, మాకు రాయండి అని.

పొద్దున లేవగానే ఉత్తరాలు వచ్చాయేమో చూసేవాడు. లిఫ్టు గుంటలోంచి పైకొచ్చి, చేతులు తుడుచుకోకుండా ఫోను చూసేవాడు. ఏవీ రాలేదు. రానికొద్దీ భయం పెరిగింది. భార్య గీసిన వాటిలో కొన్ని పూలు తిరిగొచ్చాయి. పిట్టలన్నీ రాలేదు. కొన్నింటికి బట్ట ముక్కలు కూడా మిగల్లేదు.

పెద్దన్న, అతనూ ఆఖరుసారి కలిసింది ఒక ఎత్తైన భవనం మీద, మోటారు గదిలో. పెద్దన్నే వెతుక్కుంటూ వచ్చాడు. లిఫ్టు ఆపేసి ఉండటంతో మెట్లన్నీ ఎక్కి, గుమ్మం పట్టుకుని రొప్పాడు.

"నిన్ను కలవాలంటే ఇన్ని మెట్లా బాబాయ్?"

"కూర్చో అన్నా. ఆ డబ్బా మీద వద్దు, గ్రీజుంది."

పెద్దన్న నిలబడే మాట్లాడాడు. కుశల ప్రశ్నలడిగాడు. హాల్లో జరిగిందానికి మనసులో ఏమీ పెట్టుకోవద్దన్నాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. మొదటి పేజీలో ఆ నాలుగు ముక్కలు తీసేద్దామన్నాడు. కొత్తగా వచ్చేవాళ్లు అది చూసి బెదిరి వెనక్కి పోతున్నారట.

మెకానిక్ తాడు మీద బట్ట నడుపుతూనే ఉన్నాడు. "ఇంకొన్నాళ్లు ఉండనీ."

"ఎన్నాళ్లు? పెట్టిన దగ్గర్నుంచీ ఒక్కళ్లు రాయలేదు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు. ఎవరికీ ఏమీ జరగలేదు బాబాయ్, నువ్వే ఊరికే భయపడి చస్తున్నావ్."

బట్ట పట్టుకున్న చెయ్యి ఆగింది.

"తప్పు తనదే అనుకున్నాడు మా బామ్మర్ది. వాడు రాశాడా అన్నా?" అన్నాడు మెకానిక్.